వంగింది చాలు!

*నాట్లు, కలుపు, పత్తి తీత... ముప్పై ఏళ్లు వంగి చేసిన చాకిరికి నడుము ఇక నా వల్ల కాదంటే మహానంది పల్లెల ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? నలభై దాటాక పని మార్చుకోవాలనుకునేవాళ్లకు ఏ దారి తెరిచి ఉంది, ఏది మూసుకుపోయింది?*

సాయంత్రం ఐదున్నర దాటింది. నంద్యాల వీధి మలుపులో పొయ్యి రాజుకుంది. పొయ్యి మీద నల్లటి పెనం, పక్కన ఎసరు గిన్నె, ముందు ఒక పీట. పీట ముందు కూర్చున్నావిడ చెయ్యి ఒక్క క్షణం ఆగదు. జొన్నపిండి మీద కాగే నీళ్లు పోసి, ఆ వేడి తగ్గకముందే అరచేత్తో అదిమి అదిమి మెదుపుతుంది. ముద్ద చేసి, పొడిపిండి చల్లి, నాలుగు వేళ్లూ దగ్గరపెట్టి తడుతుంది. తట్టిన ప్రతిసారీ ముద్ద పీట మీద కొంచెం తిరుగుతుంది, కొంచెం పెద్దదవుతుంది. అంచు ఎక్కడా పగలదు. రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. ఆ తడి ఎప్పుడు ఆరుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు. ముందే తిప్పితే రొట్టె అంటుకుంటుంది, ఆలస్యమైతే బిగుసుకుపోతుంది. సరిగ్గా ఆ అదనులో తిప్పితే పొంగుతుంది.

షుగర్ ఉన్న పెద్దమనిషి, హాస్టల్ కుర్రాడు, బడి నుంచి ఇంటికి పోతూ ఆగిన టీచరమ్మ వరసలో నిలబడ్డారు. పేపర్లో చుట్టిన రొట్టెలు, చిన్న కవర్లో శెనక్కాయల పొడి, ఇంకో కవర్లో ఎర్రకారం. కర్నూలు, నంద్యాల ఊళ్లలో ఏ సాయంత్రమైనా కనిపించే దృశ్యమే ఇది. ఎవరూ ప్రత్యేకంగా చూడరు. అయితే ఒక్కసారి ఆ పొయ్యిల ముందున్నవాళ్ల వయసు చూడండి. ఇరవై ఏళ్ల పిల్ల కనపడటం అరుదు. నలభై, నలభై ఐదు, యాభై. వాళ్లలో మొన్న మొన్నటిదాకా కూలికి పోయినవాళ్లు ఎందరో. రొట్టె తట్టడం వాళ్లు ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. అది డబ్బులు తెచ్చే విద్య అని తెలియడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది.

సున్నా టికెట్, 44 ఏళ్ల డీఎస్సీ

ఈమధ్య రెండు సంగతులు ఇక్కడి ఆడవాళ్ల మాటల్లో తరచూ వినిపిస్తున్నాయి. ఒకటి, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో సున్నా టికెట్ ఇస్తారు. మహానంది నుంచి నంద్యాల పదిహేను కిలోమీటర్ల దూరం. పెద్ద దూరమేం కాదు. కానీ రోజూ పోయి రావాలంటే ఆ ఛార్జీ ఎక్కడి నుంచి తేవాలన్నదే ఇన్నాళ్లూ తెగని లెక్క. పొలం పనికైతే మేస్త్రి ఆటో పంపిస్తాడు, టౌన్లో సొంతంగా ఏదైనా మొదలుపెడదామంటే ఎవరు పంపిస్తారు? ఫ్రీ బస్సొచ్చాక ఆడవాళ్లు గుళ్ల చుట్టూ తిరుగుతున్నారని దెప్పేవాళ్లున్నారు. గుడికి పోతే మాత్రం తప్పేముంది! ఇంట్లో ఎవరినీ చార్జీ డబ్బులు అడగకుండా ఊరు దాటడం చాలామందికి అదే మొదలు. గుడికని ఎక్కిన బస్సులోనే టౌన్లో ఏ పనికి గిరాకీ ఉందో తెలుస్తుంది.

రెండోది మెగా డీఎస్సీ. 2025 ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసును 42 నుంచి 44 ఏళ్లకు పెంచారు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మరో ఐదేళ్లు. బీఈడీ చేసి, పెళ్లయి, పిల్లల్ని పెంచి, ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పుకుంటున్న తల్లులు అటకెక్కించిన పుస్తకాలు దించారు. కొడుకు ఇంటర్ పుస్తకాల పక్కన అమ్మ మెథడాలజీ పుస్తకం తెరుచుకుంది.

నడివయసులో పని మారడం గురించి పత్రికల్లో వచ్చేవి ఎక్కువగా నగరం కథలు. ఐటీ ఉద్యోగం వదిలి బేకరీ పెట్టినావిడ, బ్యాంకు మానేసి యోగా నేర్పేవారు. అవీ మంచి కథలే. పిల్లల కోసం ఉద్యోగం మానుకున్న మహిళల్ని మళ్లీ తీసుకోవడానికి టాటా సంస్థ 2008లోనే ఒక పథకం పెట్టింది. పరిశోధన మధ్యలో ఆగిపోయిన మహిళా శాస్త్రవేత్తల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఫెలోషిప్పులూ ఇస్తోంది. కానీ నల్లమల అంచు పల్లెల్లో పని మార్చుకోవడం అభిరుచితో మొదలవదు, నడుం నొప్పితో మొదలవుతుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్లకు కావలసింది ధైర్యవచనాలకంటే ముందు వయసు పేరు చెప్పి వెనక్కి పంపని ఒక దరఖాస్తు.

నలభైకే అవ్వ

రాయలసీమలో ఆడవాళ్ల నడివయసు తొందరగా వస్తుంది. పదహారుకో పదిహేడుకో పెళ్లి, ఇరవై మూడుకల్లా ఇద్దరు ముగ్గురు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పెద్ద కూతురికీ అదే వయసులో పెళ్లి చేస్తే నలభైకి ముందే మనవడిని ఎత్తుకుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉన్న యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఇవాళ్టి పిల్లల సంగతే ఇలా ఉంటే, వాళ్ల అమ్మల తరం గురించి చెప్పేదేముంది.

ఆ అమ్మల తరానికి ఇంకో చరిత్ర ఉంది. హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగుకు ఉమ్మడి కర్నూలు జిల్లా పెద్ద కేంద్రం. సాయంత్రం మొగ్గను విప్పి, లోపలి పుప్పొడి భాగాన్ని గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. వందల మొగ్గలు, ఒక్కోదానికీ విడిగా చెయ్యి పెట్టాలి. చిన్న వేళ్లయితే పువ్వు చెడదు, చిన్నపిల్లలైతే కూలి తక్కువ. అందుకే 1990లలో ఈ పనికి ఆడపిల్లల్నే ఎక్కువగా పెట్టుకున్నారు. తల్లిదండ్రులకు ముందుగా అప్పిచ్చి పిల్లను పంట కాలమంతా చేలో ఉంచుకునేవాళ్లు. బడి మానేసి ఆ చేలలో నిలబడ్డ పదేళ్ల పిల్లలకే ఇప్పుడు నలభై నడుస్తోంది. చదువు ఎందుకు లేదని వాళ్లను అడిగేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

తర్వాత ఒళ్లు. కేసీ కాలువ కింద, తెలుగుగంగ కింద నంద్యాల వైపు వరి ఉంది. వరి ఉంటే నాట్లు, కలుపు. మెట్ట వైపు పత్తి, మిరప. పడమటి మండలాల్లో అదీ లేక గుంటూరు మిరప కోతలకు పిల్లాపాపలతో వలస పోతారు, దాన్ని సుగ్గి అంటారు. ఏ పనైనా వంగి చేసేదే. ఈ చాకిరి మధ్యలో తెల్లబట్ట, ఆగని రక్తస్రావం, పొత్తికడుపులో నొప్పి. డాక్టరు గర్భసంచి తీసేస్తే పోతుందంటాడు. ఇక పిల్లలు వద్దు కదా అని ఇంట్లోనూ ఒప్పుకుంటారు. నలభై తొమ్మిదేళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం, దేశంలోనే ఎక్కువ. ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు వెల్లువెత్తడంతో ప్రైవేటు ఆసుపత్రుల్లో వాటిని ఆపాల్సి వచ్చింది. ముప్పై ఐదుకే ఆపరేషన్ అయినావిడకు నలభై వచ్చేసరికి ఎముకల నొప్పులు, ఒళ్లంతా ఆవిర్లు. నాట్లలో ముఠాతో సమానంగా వరస సాగదు. వెనకబడినవాళ్ల వరస ఎవరు పూర్తిచేస్తారు? ముఠా మేస్త్రి రెండుసార్లు ఊరుకుంటుంది, మూడోసారి "ఇంటికాడ ఉండుపో వదినా" అంటుంది.

ఉద్యోగం పోయినట్టు కాగితం రాదు, ఎవరూ సన్మానం చేయరు. కానీ ముప్పై ఏళ్ల వృత్తి ఆ రోజుతో ముగుస్తుంది. ఇంకో పాతికేళ్ల బతుకు ముందుంటుంది.

▌దరఖాస్తు దగ్గరే ఆగిపోయే వయసులు

*అంగన్‌వాడీ కార్యకర్త, ఆయా పోస్టులు:* 21 నుంచి 35 ఏళ్లు.
*అటల్ పెన్షన్ యోజనలో చేరిక:* 18 నుంచి 40. అసంఘటిత కార్మికుల శ్రమయోగి మాన్‌ధన్ పింఛనుకూ ఇదే హద్దు.
*2025 మెగా డీఎస్సీ:* జనరల్‌కు 44, రిజర్వేషన్ వర్గాలకు 49.
*ఎల్‌ఐసీ బీమా సఖి (2024 డిసెంబరు 9న ప్రారంభం):* 18 నుంచి 70. మొదటి ఏడాది నెలకు 7,000 దాకా స్టైపెండ్. కానీ పదో తరగతి పాసై ఉండాలి.
*పీఎంఈజీపీ (స్వయం ఉపాధి) రుణం:* 18 దాటితే చాలు, పై వయసు హద్దు లేదు. పల్లెటూరి మహిళకు 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం.
*సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) పదో తరగతి:* 14 నిండాలి. పై హద్దు లేదు.

ఈ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలావాటిలో వయసు అడ్డం రాని చోట చదువు అడ్డం వస్తుంది, చదువు అడగని చోట వయసు దాటిపోతుంది. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య మహిళను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించిన ప్రభుత్వ పథకాలు చాలా అరుదు. రాష్ట్రంలో 2020 ఆగస్టులో మొదలైన చేయూత వాటిలో ఒకటి. 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏడాదికి 18,750 చొప్పున నాలుగు విడతల్లో ఇచ్చారు. ఆ డబ్బుతో గేదెనో మేకలనో కొన్నవాళ్లు, చిల్లర కొట్టు పెట్టినవాళ్లు ఉన్నారు. అప్పు తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. రాజకీయం పక్కనబెడితే, ఆ వయసును ఎంచుకోవడం మాత్రం సరైన ఆలోచన. పేరేదైనా పెట్టండి, ఆ వయసును మాత్రం మళ్లీ మరిచిపోవద్దు.

పత్తి చేను నుంచి వత్తుల కట్టకు

మహానందికి నీళ్ల కరువు లేదు. కోనేట్లో అడుగున వేసిన నాణెం కనిపించేంత తేటగా ఊట ఏడాది పొడుగునా ఉబుకుతుంది, గుడి దాటి చుట్టుపక్కల పొలాలకు పారుతుంది. ఆ నీటి పుణ్యమాని ఇక్కడ అరటి తోటలు. వేసవి ఈదురుగాలికి గెలలతో ఉన్న చెట్లు ఒక్క రాత్రిలో పడిపోతే రైతుతోపాటు కూలికీ ఆ ఏడు పోయినట్టే.

గాలివానకు పోనిది ఒకటుంది, గుడికి వచ్చే జనం. సోమవారాలు, కార్తీకం, శివరాత్రి. కొబ్బరికాయ, పూలు, ఉసిరికాయ దీపం, గాజులు, పిల్లల బొమ్మలు, ఇడ్లీ బండి. కూలి మానిన ఆడవాళ్లు ముందు చూసేది ఇటే. కూర్చుని చేసే పనులివి.

వత్తుల పని తీసుకోండి. కార్తీక పౌర్ణమినాడు ఏడాదికంతా కలిపి 365 వత్తుల కట్ట వెలిగించడం మనకు ఆనవాయితీ. గింజ తీసిన దూదిని చేత్తో విడదీసి, నలకలు ఏరి, వేళ్లకు కాస్త విభూతి అద్దుకుని పొడుగ్గా లాగుతూ పేనాలి. విభూతి ఎక్కువైతే వత్తి మండదు, తక్కువైతే దూది వేళ్లకు అంటుకుని తెగుతుంది. పువ్వొత్తికి అడుగున గుండ్రంగా నిలబడే బుడిపె రావాలి, పైన మొన సన్నగా ఉండాలి. పత్తి తీతలో కాయ తొడిమ ముళ్లు గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్లకు ఈ మెత్తటి పని మొదట్లో చేతకాదు. నాలుగు రోజులకు అలవాటవుతుంది. చిత్రమేమంటే, నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం పత్తి వంగడాలకు పేరుమోసింది. నరసింహ రకం ఇక్కడిదే. చేలో పత్తిని మోసిన మనిషే ఇప్పుడు ఇంట్లో అదే పత్తిని పేని అమ్ముతుంది.

మరి ఇందులో డబ్బుందా? కార్తీకంలో ఉంది. మిగతా నెలల్లో తక్కువ. మెషీన్ వత్తులు ప్యాకెట్లలో వచ్చి పడ్డాక ధర ఇంకా తగ్గింది. ఈ మాట దాచకూడదు. పండగలకు వత్తులు, మిగతా రోజుల్లో రొట్టెలో టిఫినో, కోతల్లో నాలుగు రోజులు తేలిక కూలి. మూడు నాలుగు పనులు కలిస్తేనే ఒక జీతం. పల్లెల్లో పని మారడం అంటే ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవడం చాలా తక్కువ. పాతది కొంచెం కొంచెం తగ్గించుకుంటూ కొత్తవాటిని కూడగట్టుకోవడమే ఎక్కువ.

మడిలోనే ఉండి మేడమ్ అయినవాళ్లు

పొలం వదలకుండానే పని మార్చుకున్నవాళ్లున్నారు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే మార్పు ఇదే.

2016 నుంచి రైతు సాధికార సంస్థ రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. ఊళ్లో ఒకరు చేసి చూపించి, నలుగురికి నేర్పాలి. ఆ నేర్పేవాళ్లను బయటి నుంచి తేకుండా పొదుపు సంఘాల నుంచే తీసుకున్నారు. బీజామృతం ఎలా పట్టించాలి, ద్రవజీవామృతం ఎన్నిరోజులు పులియాలి, వానకు ముందే నవధాన్యాలు ఎందుకు చల్లాలి అన్నది చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు, చేసిన చెయ్యి కావాలి. ముప్పై ఏళ్లు కలుపు తీసినామెకు ఏ మొక్క ఎందుకు పచ్చబారిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా "ఏం మే" అని పిలిచిన రైతు "మేడమ్, ఒకసారి మా చేను చూసిపోండి" అనడం ఈ పనితో వచ్చిన మార్పు.

2024 జూలైలో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లో గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. పది లక్షల యూరోల బహుమతి. మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతో కలిసి పంచుకున్నారు. న్యాయనిర్ణేతల బృందానికి జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ అధ్యక్షురాలు. లిస్బన్ వేదిక మీద మన రైతుల తరఫున నిలబడ్డది కడప జిల్లా మహిళా రైతు నెట్టెం నాగేంద్రమ్మ. సేద్యం చేసే ఆడమనిషి అనుభవాన్ని ప్రపంచం చదువుగా ఒప్పుకుంది. మన దరఖాస్తు ఫారాల్లో మాత్రం ఆ అనుభవం రాయడానికి గడి లేదు.

కొర్రల కథా ఇక్కడే చెప్పాలి. సన్నబియ్యం వచ్చాక పేదల తిండి అని వదిలేసిన కొర్రలకు మళ్లీ గిరాకీ వచ్చింది. నంద్యాల పరిశోధన స్థానం నుంచే సూర్యనంది అనే తక్కువ రోజుల కొర్ర రకం వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్రలు దంచి, చెరిగి, వండటం తెలిసింది ఎవరికి? నలభై దాటినవాళ్లకే. వాళ్ల కోడళ్లకు తెలియదు. ఈ ఒక్క విషయంలో వయసు వాళ్ల పక్షాన ఉంది. కొర్ర బియ్యం, జొన్న మురుకులు, రాగి లడ్డూలు చేసి అమ్మే పొదుపు సంఘాలకు ఆహార శుద్ధి పథకం కింద సభ్యురాలికి 40,000 దాకా మూల ధనం అందే వీలుంది. అసలు చిక్కు అమ్మకం దగ్గర. ఊళ్లో చేసిన సరుకు నంద్యాల దుకాణం అలమర ఎక్కాలంటే ప్యాకింగ్, లేబుల్, తేదీ, లైసెన్సు నంబరు కావాలి. పిండివంట బాగా కుదిరినా లేబుల్ లేక ఆగిపోతుంది.

ముందు నడిచినవాళ్లు

ఇదేదో కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన పెద్ద వయసు ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి దేశమంతటా సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ పాసై టీచర్లుగా, నర్సులుగా నిలబడాలన్నది ఉద్దేశం. డెబ్భై ఏళ్ల కిందట ఆమెకు తట్టిన ఆలోచన ఇవాళ మండలానికొక కేంద్రంగా ఎందుకు లేదని నేను అడుగుతున్నాను.

మన కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు ఉంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో అక్కడ పొదుపు సంఘాలు కట్టారు. రూపాయి రూపాయి దాచిన కూలి ఆడవాళ్లు మండలమంతా ఐక్య సంఘమయ్యారు. సొంతంగా బడి నడిపారు. అక్కడి మహిళలు ఇతర ఊళ్లకు వెళ్లి సంఘం ఎలా కట్టాలో నేర్పారు. పుస్తకం రాయడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం, సభలో మైకు పట్టుకోవడం ముప్పై ఐదు నలభై ఏళ్లకు నేర్చుకుని అదే వృత్తిగా చేసుకున్న తరం అది.

తెలంగాణలోనూ చూడండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చేలో పనిచేస్తూనే కెమెరా పట్టడం నేర్చుకుని సినిమాలు తీశారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలం పనులు, బీడీలు చుట్టే పని చేసిన మిల్కూరి గంగవ్వ యాభై దాటాక యూట్యూబులో మై విలేజ్ షోతో తెర మీదికొచ్చింది. అక్షరం రాకపోయినా చెప్పిన మాట విని గుర్తుపెట్టుకుని నటించింది. 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనిపించింది, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లింది. గంగవ్వకు ఊళ్లోనే కెమెరా ఉన్న కుర్రాళ్లు దొరికారు. మన ఊళ్లలోనూ ఇలాంటి మాటకారి అవ్వలు వీధికొకరున్నారు. దొరకనిది కెమెరానే.

క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద?

పని మారితే ఇంట్లో ఏమవుతుంది? మొదట వచ్చే ప్రశ్న సంపాదన గురించి ఉండదు. "పొద్దున బువ్వెవరు వండల్ల?" అన్నది మొదటి ప్రశ్న. "ఈ వయసుకాడ నీకెందుకు మే ఇయన్నీ" అన్నది రెండోది. మూడోది చుట్టాల నుంచి, "కొడుకు సాకలేకనా రోడ్డు మీద కూసున్నెది?" కూలికి పోయినన్నాళ్లూ రాని పరువు ప్రశ్న సొంత బండి పెట్టినప్పుడు వస్తుంది. మేస్త్రి కింద వంగితే పోని పరువు తన పొయ్యి ముందు తాను కూర్చుంటే ఎట్లా పోతుందో నాకెప్పటికీ అర్థం కాదు.

రొట్టెల బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను గమనించండి. రొట్టె ఆమెది, చెమట ఆమెది. స్కాన్ చేస్తే కొన్నిసార్లు కనిపించే పేరు భర్తదో కొడుకుదో. ఆమె దగ్గర బటన్ ఫోన్ ఉండటమే దానికి కారణమని చెబుతారు. కూలి డబ్బులు చేతికి నోట్లుగా వచ్చేవి, కొంగున ముడివేసుకునేది. ఇప్పుడు రోజంతా ఎంత వచ్చిందో సాయంత్రం కొడుకును అడిగి తెలుసుకోవాలి. ఆడవాళ్ల పేరు మీద ఖాతా, ఆ ఖాతాకు కట్టిన ఫోన్ రెండూ లేకపోతే పని మారినా పెత్తనం మారదు.

అప్పు ఇంకో ప్రమాదం. కొత్త పని మొదలెడుతున్నారని తెలిస్తే బ్యాంకు కంటే ముందు ఇంటి గడప తొక్కేది వారం వారం కిస్తీ కట్టించుకునే ప్రైవేటు ఫైనాన్సు. 2010లో మైక్రో ఫైనాన్సు ఒత్తిళ్లకు ఆత్మహత్యలు జరిగి, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రోజులు ఈ వయసు ఆడవాళ్లకు బాగా గుర్తు. పొదుపు సంఘం అప్పు, 2011లో వచ్చిన స్త్రీనిధి అప్పు చవక. కానీ సంఘంలో అప్పు తీసుకున్నా అది ఇంటి ఖర్చుకో, అల్లుడి బండికో పోతుంది. తన పని కోసం తీసుకున్న అప్పు తన పనికే వాడుకోగలిగినావిడ నిలదొక్కుకుంటుంది.

ఇంతకీ ఆడవాళ్లు పనికి వస్తున్నారా అంటే, లెక్కల ప్రకారం వస్తున్నారు. దేశంలో పదిహేనేళ్లు దాటిన గ్రామీణ మహిళల్లో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017–18లో 24.6 శాతం, 2023–24కు 47.6 శాతం. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం స్వయం ఉపాధి, ఇంటి వ్యాపారంలో జీతం లేని సాయం. అంటే అంకెల్లో కనిపించే పనంతా ఆమె చేతికి డబ్బుగా రావడం లేదు.

▌పని మొదలెట్టే ముందు

*పేరు, పుట్టిన తేదీ:* ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, రేషన్ కార్డులో ఒకేలా ఉన్నాయేమో చూసుకోవాలి. ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో తేడా వస్తే రుణం అక్కడే ఆగుతుంది.
*ఉద్యం నమోదు:* చిన్న వ్యాపారానికి ఆధార్‌తో ఉచితం. డబ్బులడిగితే ఇవ్వొద్దు.
*తిండి వ్యాపారం:* ఏడాది అమ్మకం 12 లక్షల లోపైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రాథమిక నమోదు చాలు, ఏడాదికి 100 రూపాయలు.
*పీఎంఈజీపీ:* సేవా రంగంలో 5 లక్షలు, తయారీలో 10 లక్షలు దాటిన యూనిట్లకే ఎనిమిదో తరగతి అడుగుతారు. అంతకు లోపల చదువు అడగరు.
*పదో తరగతి:* ఓపెన్ స్కూల్లో అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. వీలున్నప్పుడు ఒక్కొక్కటీ పూర్తిచేయొచ్చు.

అరవైకి ముందు ఇరవై ఏళ్లు

రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000. 2024 జూలై నుంచి ఇది అందుతోంది. పేద ఇంట్లో అవ్వ గౌరవం పెరగడానికి ఈ నాలుగు వేలు ఎంత పనికొచ్చిందో పల్లెల్లో అందరికీ తెలుసు. కానీ చాలామందికి అది అరవై నిండాకే. నలభైకి నడుము వంగని మనిషి అరవైదాకా ఏం చేయాలి? కాగితం మీద ఆమె ఇంకా పని చేయగల వయసులోనే ఉంది. ముఠాకేమో పనికిరాదు. అటల్ పెన్షన్‌లో చేరే వయసూ దాటింది. కాళ్ల నొప్పులు మొదలైన ఏడాదే చాలా తలుపులు ఒక్కసారి మూసుకుంటాయి.

చేయగలిగినవి ఉన్నాయి. ఓపెన్ స్కూల్ తరగతులు మండల కేంద్రంలో, ఆదివారాలు, కూలి లేని వేసవి నెలల్లో పెట్టొచ్చు. మహానంది వ్యవసాయ కళాశాల, నంద్యాల పరిశోధన స్థానం ఇంత దగ్గర్లో ఉన్నప్పుడు కొర్రల శుద్ధి, ప్యాకింగ్ మీద కూలి ఆడవాళ్లకే శిక్షణ ఇవ్వొచ్చు. ప్రకృతి వ్యవసాయంలో నేర్పేవాళ్లకు వాళ్ల అనుభవాన్ని ఒక సర్టిఫికెట్‌గా రాసివ్వొచ్చు. గుడి చుట్టూ దుకాణాలు కేటాయించేటప్పుడు పొదుపు సంఘాలకు కొన్ని విడిగా ఉంచొచ్చు. గర్భసంచి ఆపరేషన్ అయిన కూలి మహిళలకు ఎముకల పరీక్ష పీహెచ్‌సీలోనే చేయొచ్చు.

అన్నిటికంటే సులువైనది అంగన్‌వాడీ వయసు. పిల్లాడికి ముక్కు తుడిచి, బువ్వ తినిపించి, నిద్రపుచ్చి, ఏడుపు ఆకలిదో జ్వరానిదో గుర్తుపట్టాలి. ముగ్గురు పిల్లల్ని, ఇద్దరు మనవళ్లను సాకిన నలభై రెండేళ్ల మనిషికి ఆయా పోస్టుకు అర్హత లేదని ఇవాళ్టి నిబంధన చెబుతోంది. ముప్పై ఐదు దగ్గర ఆపిన ఆ హద్దును యాభైకి తీసుకుపోవడానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. డీఎస్సీకి 42ను 44 చేసినప్పుడు జరిగిందీ అంతే.